ఇంటి సాక్ష్యం

అత్తగారిలో తప్పు వెతకని కోడలు ఉండదు. అబిగయీలూ వెతికింది. కాకపోతే ఆ పనిలో ఆమె పడినన్ని అవస్థలు ఇంకే కోడలూ పడి ఉండదు. పెళ్ళి చేసుకుని మైపాడు పక్కన ఈ పాలెంలో అడుగుపెట్టిన రోజే ఎవరో ఆమె చెవిన వేశారు, "మీ అత్త సంపూర్ణ పరిశుద్ధత పొందిన మనిషమ్మే" అని. అబిగయీలు తలొంచుకుని లోలోపల నవ్వుకుంది. చూద్దాంలే అనుకుంది. పదకొండేళ్ళుగా చూస్తూనే ఉంది.

దొరికినవన్నీ చిల్లర సరుకే. వెంకటశేషమ్మ పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేది. తాళంచెవి కొంగున ముడేసుకుని ఇల్లంతా వెతికేది. ఇప్పుడున్న పాస్టరు బెన్హర్‌గారిని పాత పాస్టరు పేరు పెట్టి పిలిచి నాలుక కరుచుకునేది. ఒక్కసారి మాత్రం అబిగయీలు పట్టేశాననుకుంది. కొత్త కుండ పగిలిన రోజున ముసలామె "ఒళ్ళు దగ్గర పెట్టుకోని చెయ్యకూడదా" అని గట్టిగా విసుక్కుంది. ఆ మాటను అబిగయీలు భద్రంగా దాచుకునేలోపే, కంచంలో అన్నం చల్లారకముందే, అత్త వచ్చి పక్కన కూర్చుని "మాట దురుసుగా వచ్చిందమ్మే, మనసులో పెట్టుకోబాక" అంది. ఇంక దాచుకోవడానికి ఏముంది? అబిగయీలుకు ఆ పూట అన్నం సయించలేదు.

పాలెంలో మూడొంతుల మంది గంగమ్మను కొలిచేవాళ్ళు, ఒక వంతు పాస్టరుగారి క్రైస్తవ సంఘం వాళ్ళు. సంఘం వాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉంది. రక్షణ పొందిన రోజున మనిషి చేసిన పాపాలకు క్షమాపణ దొరుకుతుంది గానీ, పాపం చేయాలనిపించే గుణం లోపల మిగిలే ఉంటుంది. ఆ గుణాన్ని కూడా దేవుడు ఈ బతుకులోనే, ఒక్క ఘడియలో తీసేసి, అది ఉన్న చోటంతా ప్రేమతో నింపగలడంటారు. దాన్నే రెండో దీవెన అంటారు. ఆ దీవెన పొందిన మనిషి పులుసులో ఉప్పు రెండుసార్లు వేయొచ్చు, పేర్లు మరిచిపోవచ్చు, దారి తప్పొచ్చు. తెలిసి తెలిసి ఎవరికీ కీడు మాత్రం తలపెట్టడు.

ఇలాంటి మాట చెప్పుకోవడం తేలికే. అందుకని ఈ పాలెంలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. దసరా సెలవుల్లో మూడు రోజులు కూడికలు జరుగుతాయి. ఆఖరి రోజు పొద్దున, రెండో దీవెన పొందినవాళ్ళు లేచి ఆ సంగతి చెప్పాలి. వాళ్ళు చెబితే సరిపోదు. అదే కుండలో అన్నం తినే మనిషి ఒకరు లేచి, ఔను, మేము చూశాం అనాలి. దీన్ని ఇంటి సాక్ష్యం అంటారు. ఈ పద్ధతి పెట్టిన పాతకాలపు పాస్టరు ఎవరో గానీ మనుషుల్ని బాగా ఎరిగినవాడు. మందిరంలో రెండు గంటలు పరిశుద్ధంగా కూర్చోవడం ఎవరికైనా చేతనవుతుంది, పొయ్యి దగ్గర కదా మనిషి బయటపడేది. ఇంటి సాక్ష్యం రాకపోతే ఆ మనిషి ఏడాది పొడుగునా వెనక వరుసలో కూర్చోవాలి. శుక్రవారం ఆడవాళ్ళ కూడిక నడపడానికి వీల్లేదు, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు సంఘం తరఫున ప్రార్థనకు పోవడానికి వీల్లేదు.

వెంకటశేషమ్మకు ముప్పైతొమ్మిదేళ్ళు ఆమె భర్తే ఇంటి సాక్ష్యం చెప్పాడు. ఆయన పోయిన వేసవిలో చనిపోయాడు. కొడుకు కిషోర్ బాబు కృష్ణపట్నం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పదిరోజులకొకసారి ఇంటికొస్తాడు, తిండి అక్కడే. ఇక ఆ కుండలో తినేది ఇద్దరే, అత్తా కోడలూ. ఈసారి లేవాల్సింది అబిగయీలే.

ఆ లేవడం ఆమెకు ఎందుకంత కష్టమైందో చెప్పాలంటే నెత్తళ్ళ సంగతి చెప్పాలి.

అబిగయీలూ, మూడిళ్ళ అవతల ఉండే మస్తానమ్మా కలిసి ఒకే చోట ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబెట్టేవాళ్ళు. మస్తానమ్మ గంగమ్మ భక్తురాలు, మొగుడు లేని మనిషి, రెక్కల కష్టం తప్ప వేరే ఆధారం లేదు. కూడికలకు రెండు వారాల ముందు, శుక్రవారం నాడు, ఆమె వాకాడులో కూతురింటికి మనవడి పుట్టువెంట్రుకలకని బయల్దేరింది. పోతూ పోతూ "నావి తొమ్మిది తట్టలుండాయి, నీవి నాలుగు. మబ్బు పడితే ఎత్తి పాకలో వెయ్యి అబిగయీలూ" అని చెప్పిపోయింది. సంఘం వాళ్ళు ఆదివారం పని చేయరు. అందుకని శనివారం పొద్దు వాలకముందే చేపలు ఎత్తేసి, సోమవారం మళ్ళీ పరవడం వాడుక. ఆ శనివారం అబిగయీలు కూడికలకు చీర కొనడానికి నెల్లూరు పోయింది. తెల్ల చీర, సన్నటి నీలం అంచు. బస్సు దిగేసరికి పొద్దు వాలిపోయింది. ఇంకో ఎండ తగిలితే మంచిదేలే అని తనకు తానే సర్దిచెప్పుకుని చేపల్ని అలాగే వదిలేసింది.

ఆదివారం పొద్దున సముద్రం మీద మబ్బు కమ్మింది. వెంకటశేషమ్మ గడపలో నిలబడి చూసింది.

"అమ్మే, నెత్తళ్ళు ఎత్తలేదా నిన్న?"

"లేదత్తా, ఆలస్యమైపోయింది."

"అయితే ఇప్పుడన్నా పొయ్యి వాటిని ఎత్తి పాకలో వేసి రా. మస్తానమ్మ మనల్ని నమ్మి పోయినాది."

"ఆదివారం గదత్తా."

"గుంటలో పడిన గొర్రెను ఆదివారమని వదిలేస్తారా ఎవరన్నా? ప్రభువు ఏమనుకోడు, పో. నేను పొయ్యి మందిరం ఊడ్చాల" అని ముసలామె చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పిన పని కోడలు చేస్తుందనే ఆమె నమ్మకం.

కూడికల దాకా ఆగలేక అబిగయీలు అప్పటికే కొత్త చీర కట్టుకుని ఉంది. పాటల జట్టులో మొదటి గొంతు ఆమెదే, అందరికంటే ముందు నిలబడాలి. నెత్తళ్ళు ఒకసారి చేత్తో ముట్టుకుంటే ఎంత సబ్బు రుద్దినా సాయంత్రం దాకా వాసన పోదు. ఆమె ఒకసారి చీర వైపు చూసుకుంది, ఒకసారి మబ్బు వైపు చూసింది. మధ్యాహ్నం దాకా కురవదులే అని మబ్బు తరఫున తనే తీర్మానం చేసి మందిరానికి పోయింది.

రెండో పాట నడుస్తుండగా వాన వచ్చింది. రేకుల మీద పడే చప్పుడుకు పాట వినపడటం లేదు. ముందు చాపలో కూర్చున్న వెంకటశేషమ్మ తలెత్తి కోడలిని చూసింది. కోడలు అక్కడే ఉంది కాబట్టి చేపలు పాకలోకి చేరినట్టేనని తేలిగ్గా ఊపిరి వదిలి మళ్ళీ పాటలో పడింది. అబిగయీలు గొంతు ఇంకాస్త పెంచి పాడింది.

సోమవారం మస్తానమ్మ వాకాడు నుంచి వచ్చేసరికి పదమూడు తట్టల నెత్తళ్ళూ నీళ్ళు తాగి, కంపుకొట్టి, పురుగు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆమె తలమీద చేతులు పెట్టుకుని అక్కడే కూర్చుంది.

"ఎందుకు ఎత్తలేదే అబిగయీలూ?" అంది తలెత్తకుండానే.

అబిగయీలు అబద్ధం చెప్పాలని ఇంటి దగ్గర్నుంచి అనుకుని రాలేదు. ఆ మాట నోటి చివరనే తయారుగా ఉన్నట్టు దానంతటదే వచ్చేసింది. "నేను ఎత్తుదామనే అన్నానక్కా. ఆదివారం గదా, మా అత్త ఒప్పుకోలా. ఆమె సంగతి నీకు తెల్సు గదా."

నమ్మడానికి ఏ ఇబ్బందీ లేని అబద్ధమది. వెంకటశేషమ్మ నిష్ఠ పాలెం మొత్తానికీ తెలుసు. ఇలాంటి అబద్ధం ఆడాలంటే ఇలాంటి అత్త ఇంట్లో ఉండాలి మరి. మస్తానమ్మ విసవిసా నడిచి ఆ ఇంటి గడప ముందు నిలబడింది. వెంకటశేషమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏమ్మా, నీ పరిశుద్ధత నీ ఇంట్లో పెట్టుకోవాల గానీ, నా చేపల మీద చూపిస్తావా? ఆదివారమని ఎత్తనియ్యలేదంట గదా. నీ దేవుడు నీకు ఇదే నేర్పినాడా?"

ముసలామె తలెత్తింది. మస్తానమ్మ వెనకాల వచ్చి నిలబడ్డ కోడలి వైపు చూసింది. ఆ చూపు ఎంతోసేపు లేదు. ఇప్పుడు చెబుతుంది, ఇంకొక్క క్షణంలో అంతా బయటపడుతుంది అనుకుని అబిగయీలు చెంగు గుప్పిట్లో నలిపింది.

"కూర్చో మస్తానమ్మా" అంది వెంకటశేషమ్మ. "నీ చేపలు ఎత్తాల్సింది మా ఇంటోళ్ళే. ఎత్తలా. తప్పు మా ఇంట్లోదే. ఎట్ట సరిచెయ్యాల్నో చెప్పు, చేస్తా."

అందులో ఒక్క అబద్ధపు ముక్క లేదు. కోడలి మీద ఒక్క మాట పడలేదు. ఇంత కోపంగా ఉన్న మనిషి ముందు నిలబడి రెండూ ఎలా కాపాడుకోగలిగిందో అబిగయీలుకు ఈరోజుకీ ఆశ్చర్యమే.

"సరిచేసేదేముంది" అంది మస్తానమ్మ, కొంచెం మెత్తబడి. "రేపు మళ్ళా చేప తీసుకోవాల. మొదట్నించీ కడగాల, ఉప్పులో వెయ్యాల, పరవాల. ఒంటిదాన్ని, మనిషిని యాడ తెచ్చేది?"

"నేనొస్తా."

అన్నట్టుగానే మరుసటి రోజు నుంచి పొద్దున్నే పోవడం మొదలుపెట్టింది. అరవైఎనిమిదేళ్ళ మనిషి, కూర్చుంటే లేవలేని మోకాళ్ళు, గొంతుక్కూర్చుని మస్తానమ్మ వాకిట్లో తట్టల కొద్దీ నెత్తళ్ళు కడిగేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఉప్పుకు పగిలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేది. అబిగయీలు చెవులు రిక్కించుకుని కాచుకుంది. కోపం ఎక్కడో ఒక చోట బయటపడక తప్పదు కదా. గిన్నె కింద పెట్టే చప్పుడులో పడుతుంది, తలుపు వేసే తీరులో పడుతుంది, పిలిచే పిలుపులో పడుతుంది. అత్తల కోపాన్ని గిన్నెల చప్పుడు నుంచి కనిపెట్టడం కోడళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గిన్నెలు ఎప్పటిలాగే పలికాయి. అత్త పెట్టే టీలో ఎప్పటిలాగే అల్లం పడింది. "అమ్మే" అనే పిలుపు ఎప్పటిలాగే ఉంది. నాలుగు తిట్లు తిడితే ఎంత బాగుండును అనిపించింది అబిగయీలుకు. తిడితే లెక్క సరిపోయేది, తనూ మామూలు కోడలైపోయేది.

పైగా అబద్ధం ఒకచోట ఆగలేదు. కిషోర్ బాబు ఫోన్ చేసి చేపల సంగతేమైందని అడిగితే అతనికీ అదే చెప్పింది. అతను తల్లికి ఫోన్ చేసి "ఎందుకమ్మా నీకింత మొండితనం, పక్కింటోళ్ళ నోటికాడ కూడు పోయింది గదా" అని కోప్పడ్డాడు. తల్లి "నిజమే నాయనా, పెద్ద నష్టమే జరిగింది" అని మాత్రం అంది. పక్క గదిలో నిలబడి ఆ మాట విన్న అబిగయీలు మొహం గోడకు తిప్పుకుంది.

కూడికలు మొదలవబోయే ముందు పాస్టరు బెన్హర్‌గారు ఇంటికొచ్చారు. నలభై దాటిన మనిషి, మాట మెత్తగా ఉంటుంది గానీ వంకర ఉండదు. వెంకటశేషమ్మ మస్తానమ్మ వాకిట్లో ఉన్న వేళ చూసుకునే వచ్చారు.

"ఇంటి సాక్ష్యం ఈసారి నువ్వే చెప్పాలమ్మా, తెలుసు కదా" అన్నారు. "ఒక సంగతి ముందే చెప్పాలి నీకు. చేపల గురించి పాలెమంతా మాట్లాడుకుంటున్నారు. పెద్దలు కొందరు, బయటివాళ్ళ చేత వేలెత్తి చూపించుకున్న మనిషి ఈ ఏడాది లేవకుండా ఉంటేనే మంచిదంటున్నారు. నువ్వు లేచి ఔనంటే, మరి చేపల మాటేమిటని వాళ్ళు అడుగుతారు. దానికి నువ్వు జవాబు చెప్పగలగాలి."

"చెప్పలేకపోతే అయ్యగారూ?"

"చెప్పలేకపోతే లేవొద్దు, బలవంతం లేదు. ఆమె ఏడాది వెనక కూర్చుంటుంది. లేస్తే మాత్రం చూసిందే చెప్పాలమ్మా."

ఆయన వెళ్ళిపోయాక అబిగయీలుకు తన గొయ్యి ఎంత లోతో తెలిసింది. లేవకుండా కూర్చుంటే అత్తకు ప్రాణమైన శుక్రవారం కూడిక పోతుంది. లేచి ఔనంటే చేపల సంగతి అడుగుతారు. అప్పుడు దేవుడి పందిట్లో నిలబడి అబద్ధమైనా ఆడాలి, లేదంటే మొగుడి ముందూ పాలెం ముందూ తన మొహం చెల్లకుండా అయినా పోవాలి.

ఆ సాయంత్రం అత్త వేళ్ళకు నూనె రాసుకుంటుంటే అబిగయీలు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అత్తా, ఎత్తమని నువ్వు చెప్పినావు గదా ఆరోజు."

"చెప్పినా."

"మరి ఆ మాట మస్తానమ్మక్కతో ఎందుకు అనలా?"

వెంకటశేషమ్మ నూనె గిన్నె పక్కన పెట్టింది. "ఆ మాట నా నోట్లోంచి వస్తే, నువ్వు అబద్ధం ఆడినావని అందరికీ తెలస్తది. నీ నోట్లోంచి వస్తే, నువ్వు నిజం చెప్పినావని తెలస్తది. రెండోది జరగతదేమోనని చూస్తన్నా."

"కోపం రాలేదా నీకు?" అంది అబిగయీలు.

తన గురించి ఏదైనా అడిగితే వెంకటశేషమ్మ వెంటనే జవాబు చెప్పదు. లోపలికి పోయి చూసి వచ్చి చెప్పినట్టుగా ఆలోచించి చెబుతుంది. "నొప్పి కలిగింది. సాయంత్రం దాకా ఉండింది. కోపం గూడా ఉందేమోనని నేనూ వెతికినా, ఉంటే తీసకపొయ్యి ప్రభువు కాళ్ళ కాడ పెడదామని. కనపడలా."

"అట్టా ఎట్టుంటదత్తా మనిషి?"

"మనిషి ఉండలేదమ్మే. నేనూ ఉండలా. మా అత్త మీద నాకు ఎంత కసి ఉండేదో నీకు తెలవదు. ఆమె దగ్గితే గూడా నాకు మంట. రక్షణ పొందినాక ఆమెను తిట్టడం మానేసినా గానీ, కసి అట్నే ఉండె, లోపల. ఎనభైనాలుగు తుఫాను పోయిన నాలుగో రోజు, మందిరానికి ఒక్క గోడే మిగిలింది. ఆ గోడ కాడ మోకాళ్ళేసి, నా చేత కావడంలా, నువ్వే తియ్యి అని ఏడ్చినా. లేచేసరికి లేదు. ఇంటికి పొయ్యి మా అత్తకు తల దువ్వినా. చంపడానికి వచ్చినాననుకోని దడుసుకునింది పాపం." ముసలామె నవ్వింది. "నేను మంచిదాన్నని చెప్పుకునేదానికి ఏటేటా లేస్తాననుకున్నావా? ఆయన తీసేసినాడని చెప్పేదానికి లేస్తన్నా."

పదకొండేళ్ళలో మొదటిసారి అబిగయీలుకు అత్త మీద గౌరవం అనే మాట చాలలేదు. ఈ మనిషిలో ఉన్నది తనకూ కావాలనిపించింది. గట్టిగా, ఆకలి వేసినట్టుగా అనిపించింది. అనిపించినా నోరు విప్పి నిజం చెప్పేస్తానని అనలేకపోయింది. అత్త కూడా అడగలేదు.

ఆఖరి రోజు పొద్దున మందిరం పక్కన ఇసుకలో వేసిన పందిరి కిటకిటలాడింది. రెండు మైకు గొట్టాలు పాలెం వైపు తిప్పి కట్టారు, ఎవరింట్లో వాళ్ళు కూర్చున్నా ప్రతి మాటా వినపడుతుంది. కిషోర్ బాబు ముందురోజే వచ్చి మగవాళ్ళ వైపు కూర్చుని ఉన్నాడు. ముందుగా ఒక పడవ సరంగు లేచి తన సాక్ష్యం చెప్పాడు. అతని పెళ్ళాం లేచి "ఔను, మూడు నెలల్నించి మాత్రం ఔను" అనేసరికి పందిరంతా నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగాక పాస్టరుగారు వెంకటశేషమ్మ పేరు పిలిచారు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ముసలామె మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. తుఫాను సంగతీ, గోడ సంగతీ నాలుగు మాటల్లో చెప్పింది. తర్వాత కొంచెం ఆగి, "అయ్యగారూ, ఈ ఏడాది నాకు ఇంటి సాక్ష్యం అడగబాకండి. నేను వెనక కూర్చుంటా. శుక్రవారం కూడికకు ఇంకెవరినన్నా చూసుకోండి" అంది.

పాస్టరుగారు ఏదో అనబోయారు. ఆమె అప్పటికే నడుస్తోంది. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. అన్ని వరుసలూ దాటి, చంటిపిల్లల తల్లులు కూర్చునే చివరి చాప మీద, గుంజకు ఆనుకుని కూర్చుంది.

ఏం జరిగిందో పందిట్లో అబిగయీలు ఒక్కదానికే అర్థమైంది. తను అబద్ధం ఆడాల్సిన అవసరం రాకుండా, సిగ్గుపడాల్సిన అవసరమూ రాకుండా, అత్త రెండు దారులూ మూసేసింది. నలభై ఏళ్ళ చోటు వదులుకుని మూసేసింది. ఇక ఎవరూ ఏమీ అడగరు. అబిగయీలు హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక్క క్షణం పీల్చుకుంది కూడా, ఉన్నమాట చెప్పాలి కదా. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసింది. ఎవరి బిడ్డో ఏడుస్తుంటే ముసలామె తన పగిలిన వేళ్ళతో వాడి వీపు నిమురుతోంది. ఆమె మొహంలో త్యాగం చేసినట్టు కూడా ఏమీ లేదు. మామూలుగా ఉంది.

అబిగయీలు లేచి మైకు దగ్గరికి పోయింది.

"మా అత్త వద్దన్నా నేను చెప్పాల" అంది. మైకు ఆ మాటను పాలెమంతా మోసుకుపోయింది. "ఆదివారం నెత్తళ్ళు ఎత్తమని మా అత్త నాకు చెప్పింది. గుంటలో గొర్రె పడితే వదిలేస్తారా, పో అనింది. నేనే ఎత్తలా. కొత్త చీర కట్టుకోనుంటి, వాసన పడతదని ఎత్తలా. ఆమె ఒప్పుకోలేదని మస్తానమ్మక్కతో చెప్పింది అబద్ధం. మా ఆయనతో చెప్పింది గూడా అబద్ధమే. ఆమె అన్నీ తెలిసి నన్ను బయటపెట్టలా. రోజూ పొయ్యి నేను చేసిన నష్టానికి ఆమె చేపలు కడిగింది." కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. అన్నేళ్ళూ ఆమెలో తప్పు వెతకతానే ఉన్నా. దొరకలా. దొరకలేదు గాబట్టి నేనే ఒకటి తయారుచేసి ఆమె మీద పెట్టినా. ఇదే నా సాక్ష్యం."

కిషోర్ బాబు తల దించుకున్నాడు. పెద్దల్లో ఒకాయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. పాస్టరుగారు పక్కకు జరిగి, ముందున్న ప్రార్థన బల్ల వైపు దారి ఇచ్చారు. ఏడ్చుకుంటూ దేవుణ్ణి అడగదలుచుకున్నవాళ్ళు మోకరించేది ఆ బల్ల దగ్గరే. అబిగయీలుకు అడగాల్సింది చాలా ఉంది. అటువైపు రెండు అడుగులు వేసింది.

వెనక నుంచి ఒక చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. చివరి చాప మీద నుంచి అంత త్వరగా ఆ మోకాళ్ళతో ఎలా వచ్చిందో, వెంకటశేషమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"బల్ల యాడికీ పోదమ్మే" అంది మెల్లగా. "ముందు మస్తానమ్మ కాడికి పొయ్యి రా."

అబిగయీలు పందిరి దాటి ఇసుకలో నడిచింది. మస్తానమ్మ ఎండలో వంగి నెత్తళ్ళు తిరగేస్తోంది. పైన కరెంటు స్తంభానికి కట్టిన మైకు గొట్టం ఆమె వాకిట్లోకే చూస్తోంది. దగ్గరికొచ్చిన మనిషిని చూసి కూడా ఆమె నడుం ఎత్తలేదు.

"విన్నా" అంది.

"అక్కా, నేను…"

"ఇంకోసారి చెప్పబాక, విన్నానంటి గదా. నీ మీద నాకు కోపం పోలేదు. పొయ్యేదానికి ఇంకా నాల్రోజులు పడతది. నేను మీ అత్తను గాను." రెండు చేతులా చేపలు తిరగేసి అప్పుడు నడుం ఎత్తింది. "అయినా ఇందులో నాకు కొత్తేం లేదులే. తప్పు నీదని ఎప్పుడో తెల్సు నాకు."

అబిగయీలు బిత్తరపోయి చూసింది. "మా అత్త చెప్పిందా?"

"ఆమె చెప్తదా?" మస్తానమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ మూల నిలబడి మీ దేవుడితో ఏందో చెప్పుకునేది. నా చేపలు పాడుచేసిన మనిషి గదా, ఏమని చెప్పుకుంటదో చూద్దామని మొదటి రోజే చెవి పెట్టి విన్నా. తప్పు చేసినోళ్ళు దేవుడి ముందర ఎవరి పేరు చెప్పుకుంటారు? తమ పేరే గదా. ఆమె ఒక్కరోజన్నా తన పేరు ఎత్తితే ఒట్టు. అబిగయీలు, అబిగయీలు అని నీ పేరే చెప్పుకోని ఏడ్చేది."